దూడ లేచేదాకా

మూడేళ్ల కిందట, జులైలో ఒక శనివారం రాత్రి. డాలస్‌కు పడమరగా గంటన్నర దూరంలో ఒక చిన్న ఊరు, ఊరి చివర రోడియో బరి, అంటే గుర్రాలతో, పశువులతో ఆడే పోటీల మైదానం. తొమ్మిది దాటినా వేడి తగ్గలేదు, కూర్చున్న ఇనప బెంచీ ఇంకా కాలుతూనే ఉంది. మా అమ్మాయి స్నేహితురాలు మేకను కట్టే పోటీలో దిగుతోందని వెళ్లాం. ఆ పిల్ల వంతు అయిపోయింది, ఇక బయల్దేరదాం అనుకుంటుండగా దూడల పోటీ మొదలైంది. గేటు వెనక ఇరుకు గదిలో నిలబడ్డ దూడను చూసి, లేచిన దాన్ని మళ్లీ కూర్చున్నాను. వేలాడే పొడుగాటి చెవులు, మెడ కింద వదులుగా గంగడోలు, వీపు మీద అప్పుడప్పుడే తేలుతున్న మూపురం. అద్దంకి దగ్గర మా దొడ్లో పుట్టిన దూడ ఎవరో తెచ్చి అక్కడ నిలబెట్టినట్టుంది.

గేటు తీశారు. దూడ పరుగందుకుంది. దాని వెనక గుర్రం మీద పదిహేనేళ్ల కుర్రాడు. ఉచ్చు గురి తప్పకుండా మెడలో పడింది. గుర్రం ముందుకాళ్లు తన్నిపెట్టి ఒక్కసారిగా ఆగిపోయింది. దూడ మాత్రం ఎలా ఆగుతుంది? తల తాడు దగ్గరే ఉండిపోయింది, ఒళ్లు దాటి ముందుకు పోయింది. గాల్లో తిరగబడి వీపు మీద పడింది. కుర్రాడు గుర్రం దిగి పరుగెత్తుకెళ్లాడు. దూడ తాడు దెబ్బకే పడిపోయి ఉంటే దాన్ని లేపి నిలబెట్టి, చేతుల్తో మళ్లీ పడేయాలని నిబంధన. అతను అలాగే చేశాడు. లేపాడు, పడేశాడు, మూడు కాళ్లు కలిపి కట్టాడు, చేతులు పైకెత్తాడు. మైకులో పదమూడు సెకన్ల చిల్లర అని చెప్పారు. చప్పట్లు మోగాయి, పాట పెట్టారు. కట్లు విప్పారు, దూడ లేవలేదు. ఇద్దరు మనుషులు రేకుబల్ల లాంటిదాన్ని ఈడ్చుకొచ్చి దాన్ని అందులోకి దొర్లించి తీసుకెళ్లారు. ఈలోగా తర్వాతి పేరు పిలిచేశారు.

కారెక్కాక మా అమ్మాయి అడిగింది, "అమ్మా, అది లేచిందా?" అని. దానికి అప్పుడు పన్నెండేళ్లు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచి నేను చదివింది, తిరిగి చూసింది, అడిగి తెలుసుకున్నది అంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే.

ఆ దూడ మా దూడలా కనపడటం ఊరికే జరగలేదు. టెక్సస్ తీరప్రాంతం వేడికి, గోమారులకు యూరప్ జాతి పశువులు తట్టుకోలేకపోతుంటే, 1906లో అక్కడి ఒక పెద్ద రాంచ్ (పశువుల్ని పెంచే ఎస్టేట్) వాళ్లు ఓడలో ఇండియా నుంచి పశువుల్ని తెప్పించుకున్నారు. అలా వేర్వేరు కాలాల్లో వచ్చిన ఒంగోలు, గిర్, గుజరాత్, కృష్ణా లోయ జాతుల రక్తం కలిసి అమెరికన్ బ్రాహ్మన్ అయ్యింది. 1924లో హ్యూస్టన్‌లో ఆ జాతికి సంఘం పెట్టారు. ఒంగోలు జాతిని వాళ్లు నెల్లూరు అనే పేరుతో పిలుస్తారు. రోడియోల్లో ఎగిరి తన్నే ఆంబోతుల్లో, తాడు వేసే దూడల్లో బ్రాహ్మన్ సంకరాలు ఎక్కువ, చురుగ్గా పరిగెడతాయి కాబట్టి. ప్రకాశం జిల్లా నుంచి ఇక్కడికొచ్చిన వాళ్లలో నాకంటే ముందు వచ్చినవి అవే.

రోడియో తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఇది సర్కస్ లాంటిది అనుకుంటే పొరపాటు. మేతభూముల్లో చేసే పని నుంచే పుట్టింది ఈ ఆట. ఆ మాట కూడా చుట్టుముట్టి తోలుకురావడం అనే స్పానిష్ మాట నుంచి వచ్చింది. పిల్లలకూ పెద్ద వ్యవస్థే ఉంది. 1949లో టెక్సస్‌లోని హాలెట్స్‌విల్‌లో హైస్కూల్ పిల్లల తొలి జాతీయ పోటీలు జరిగాయి. ఆ సంఘం ఇప్పుడు కెనడా, మెక్సికో, ఆస్ట్రేలియా దాకా పాకింది. దాని కింద మిడిల్ స్కూల్ పిల్లల విభాగం ఉంది. ఇంకా చిన్నవాళ్లకు ఊళ్ల లీగులు వేరే. అయిదారేళ్ల పిల్లల్ని గొర్రె మీద బోర్లా పడుకోబెట్టి వదిలే ఆట కూడా ఉంది. హ్యూస్టన్ రోడియోకు వెళ్లే మన తెలుగు కుటుంబాల్లో చాలామంది దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నవాళ్లే. బొచ్చు పట్టుకుని వేలాడే యాభై పౌండ్ల బిడ్డను మోస్తూ బెదిరి పరిగెత్తే ఆ గొర్రె మొహాన్ని ఈసారి ఒకసారి చూడండి. ఆ ఆట గురించి నేను అంతకు మించి వాదించను. దాన్ని ఆపేసినా పిల్లలకు పోయే నైపుణ్యం ఏదీ లేదు.

దూడకు తాడు వేయడం అలా కాదు. అది నిజమైన నైపుణ్యం, దానికి నిజమైన అవసరం ఉండేది. ఒకప్పుడు టెక్సస్‌లో దూడ బొడ్డు పుండులోనో, కొమ్ము తీసిన గాయంలోనో ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పట్టేవి. వేల ఎకరాల్లో తిరిగే దూడను పట్టుకోవాలంటే గుర్రం, తాడు తప్ప దారి లేదు. పట్టుకుని మందు పూయకపోతే పురుగులు బతికున్న దూడనే తినేసేవి. ప్రభుత్వం కోట్ల కొద్దీ వంధ్య ఈగల్ని విమానాల్లోంచి వదిలి, 1980ల కల్లా ఆ పీడను దేశం నుంచి తరిమింది. మా ఊళ్లోనూ పుండులో పురుగులు పడితే నాన్న సీతాఫలం ఆకు నూరి పసరు పిండేవాడు, దూడ తన్నకుండా నేను కాళ్లు పట్టుకునేదాన్ని. కాబట్టి పశువుకు తాడు వేయడమే తప్పు అని నేను చచ్చినా అనలేను. బతికించడానికి వేసిన తాడు అది.

ఎద్దును పడేయడం కూడా నాకు కొత్త కాదు. సేద్యానికి ముందు, బండి తోలకాలకు ముందు మా ఎడ్లకు నాడాలు కొట్టించేవాళ్లం. మూడూళ్ల అవతల నుంచి నాడాలు కొట్టే ఆయన సైకిలు మీద వచ్చేవాడు. నాన్న ముందు రోజే చింతచెట్టు కింద ఇసుక పోయించేవాడు. ఎద్దును దాని మీదికి తీసుకొచ్చి, మోకు నడుముకూ కాళ్లకూ చుట్టి మెల్లగా బిగిస్తే, అది తనంతట తనే మోకాళ్ల మీదికి వచ్చి పక్కకు ఒరిగేది. ఒరిగే ఆ క్షణంలో నాన్న తన అరచెయ్యి కొమ్ము కింద పెట్టేవాడు. తల నేలకు కొట్టుకోకుండా. అంత బరువు ఆ చేతి మీద పడేది. ఒకసారి రెండు వేళ్లు నలిగి వారం పాటు పసుపు కట్టు కట్టుకున్నాడు. పని అయ్యాక మోకులు విప్పి, ఎద్దు లేచి నాలుగడుగులు వేసేదాకా నాన్న జేబులో చెయ్యి పెట్టేవాడు కాదు. ఎద్దు నడక చూశాకే డబ్బులు. నాడాలు కొట్టే ఆయన కూడా అడిగేవాడు కాదు. ఇద్దరూ బీడీలు ఆర్పేసి, మాట్లాడకుండా, ఎద్దు కాళ్ల వంకే చూసేవాళ్లు.

దీన్నిబట్టి మనవాళ్లు దయామయులు, అమెరికావాళ్లు క్రూరులు అని ఎవరూ అనుకోవద్దు. అదే నాన్న సంక్రాంతికి బండలాగుడు పోటీలకు తీసుకెళితే, పాలపళ్ల విభాగం నుంచి సీనియర్ల దాకా జతల వెనక చర్నాకోలలు ఎలా లేచేవో నేను చూశాను. తోకలు మెలిపెట్టడం చూశాను. అప్పుడు నేనూ కేకలు వేశాను. సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టును ఆపింది, 2023లో దాన్ని మళ్లీ అనుమతించిన తమిళనాడు సవరణ చట్టాన్ని సమర్థించింది. ఆ రెండు తీర్పుల మధ్య మన ఇళ్లలో జరిగిన వాదనలు నాకు గుర్తే. చింతచెట్టు కింద ఆ చెయ్యి, బరిలో ఆ చర్నాకోల, రెండూ ఒకే మనుషులవి. తేడా ఎక్కడ వచ్చిందా అని చాలా రోజులు ఆలోచించాను. నాడాల దగ్గర ఎద్దు నడిస్తేనే పని పూర్తయినట్టు. పందెం దగ్గర బండ కదిలితే చాలు. మనిషి దేన్ని కొలుస్తాడో దాన్నే చూస్తాడు, మిగిలింది కంటి ముందున్నా కనపడదు.

నేను ఆ రాత్రి చూసిన పోటీలోనూ అంతే. కొలిచేది సెకన్లని.

కానీ ఆ నిబంధనల్ని కూర్చుని చదివితే నాకు ఆశ్చర్యం వేసింది. దూడ పట్ల న్యాయం అనే ఆలోచన వాటిలో అసలు లేకపోలేదు. దూడకు ముందుగా కొంత దూరం పరిగెత్తే అవకాశం ఇవ్వాలి. గుర్రం ముందు ఒక తాడు అడ్డం కట్టి ఉంటుంది, దూడ ఆ దూరం దాటాకే అది జారిపోతుంది. తొందరపడి అడ్డతాడును తెంచితే 10 సెకన్లు శిక్ష. పదమూడు సెకన్లలో పని ముగించే ఆటలో పది సెకన్లంటే ఓడిపోయినట్టే. అందుకే ఏడేళ్ల పిల్ల కూడా అడ్డతాడు వెనక గుర్రాన్ని ఊపిరి బిగబట్టి ఆపుతుంది. దానికి అంత నిగ్రహం నేర్పింది ఏ ఉపన్యాసమూ కాదు, ఆ పది సెకన్లు. కాళ్లు కట్టాక ఇంకొకటి ఉంది. పోటీదారు మళ్లీ గుర్రమెక్కి తాడు వదులు చేస్తాడు, జడ్జి 6 సెకన్లు చూస్తాడు. ఆలోగా దూడ కట్టు విప్పుకుంటే ఆ టైము చెల్లదు. ముడి నిలిచిందా లేదా అని చూడ్డానికి ఆరు సెకన్లు ఆగే జడ్జి, దూడ నిలిచిందా లేదా అని చూడ్డానికి ఇంకో అర నిమిషం ఎందుకు ఆగకూడదు?

నేను అడిగేది ఇదే. పిల్లల పోటీల్లో దూడ గానీ మేక గానీ కట్లు విప్పాక లేచి, కుంటకుండా నాలుగడుగులు వేసేదాకా టైము ప్రకటించొద్దు. నడవలేకపోతే ఆ టైము లెక్కలోకి రాకూడదు. దూడను వెనక్కి విరుచుకుపడేలా గుంజితే జరిమానా వేసే సంఘాలు ఇప్పటికే ఉన్నాయి. జరిమానా అమ్మానాన్నల జేబులోంచి పోతుంది, పిల్ల చేతికి ఏమీ నేర్పదు. సెకన్లు పోతే మరుసటి రోజు పొద్దున్నుంచే చెయ్యి మారుతుంది. తాడు బిగిసే ముందు గుర్రాన్ని కాస్త ముందుకు నడవనివ్వడం, గుంజు తగ్గించడం, దూడ పక్కకు తిరిగేలా దిగడం, ఇవన్నీ బాగా వచ్చినవాళ్లు చేస్తారు. నేను కళ్లారా చూశాను. చేయొచ్చు. చేస్తే ఫలితం ఉండాలి, అంతే.

నొప్పి మాట మీ ఊహ అంటారు కొందరు. 2016లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రోడియోలో చేసినట్టే దూడలకు తాడు వేసి, ముందూ తర్వాతా రక్తం పరీక్షించారు. భయానికీ ఒత్తిడికీ గుర్తులైన కార్టిసాల్, అడ్రినలిన్ లాంటివి పెరిగాయి. ఆ దేశంలోనే విక్టోరియా రాష్ట్రంలో 200 కిలోల లోపు దూడకు తాడేసి కట్టడం నిషేధం. అమెరికా ప్రొఫెషనల్ పోటీల్లో దూడ బరువు 220 నుంచి 280 పౌండ్లు, అంటే 100 నుంచి 127 కిలోలు. ఆ దూడల్లో ఒక్కదానికీ విక్టోరియాలో తాడేసి కట్టడానికి వీల్లేదు. బ్రిటన్‌లో తాడేసి పడేసే ఇలాంటి ఆటల్ని 1934లోనే చట్టం చేసి ఆపారు. ఇక్కడ 1966 నాటి కేంద్ర జంతు సంక్షేమ చట్టం రోడియోలను తన పరిధి నుంచి మినహాయించింది. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రం పశువైద్యుడు బరి దగ్గర ఉండాలని, లేదా పిలిస్తే వచ్చేలా ఉండాలని చట్టం చేసింది. అన్నిచోట్లా అలా లేదు, అందుకే భారమంతా ఆ ఊరి నిర్వాహకుల మీద, చూసే మన మీద పడుతుంది.

కొలవడం కుదరదు అనేవాళ్లకు నేను టెంపుల్ గ్రాండిన్ పని చూపిస్తాను. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆ ప్రొఫెసర్ మాంసం ఫ్యాక్టరీలకు వెళ్లి, పశువుల్ని దయగా చూడండి అని ఊరుకోలేదు. నూటికి ఎన్ని పశువులు అరిచాయి, ఎన్ని జారాయి, ఎన్ని పడ్డాయి, ఎన్నింటికి కరెంటు కర్ర తగిలించారు అని లెక్కపెట్టమంది. పెద్ద కంపెనీలు తమకు మాంసం అమ్మేవాళ్ల దగ్గర ఆ లెక్కలు అడగడం మొదలుపెట్టాక ఫ్యాక్టరీలు మారాయి. చంపడానికి తోలుకెళ్లే పశువు జారిందో లేదో లెక్క రాస్తున్నారు. మన పిల్లలు పోటీపడే బరిలో ఆ లెక్క రాసే మనిషి ఒకడు ఉండొద్దా?

టెక్సస్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. స్కూలు పిల్లలు కోడెల్ని, మేకల్ని, పందుల్ని పెంచి ప్రదర్శనలకు తెస్తారు. ఆ పెద్ద ప్రదర్శనలకు రావాలంటే పశువుల సంరక్షణ మీద క్వాలిటీ కౌంట్స్ అనే పాఠం చదివి పరీక్ష పాసవ్వాలి. మా అమ్మాయి దాని స్నేహితురాలితో కూర్చుని ఆ ప్రశ్నలు చదివింది. నీళ్లు ఎప్పుడు పెట్టాలి, ఎండ దెబ్బ తగిలిన పశువు ఎలా ఉంటుంది, మందు ఇచ్చాక ఎన్నాళ్లు ఆగాలి. మేకను తోమి, తాడు పట్టి నడిపించే పిల్లకు ఇన్ని తెలియాలి. మేకను పడేసి కాళ్లు కట్టే పిల్ల నింపిన ఎంట్రీ ఫారాలు కూడా నేను చూశాను. వాటిలో గుర్రానికి రక్తపరీక్ష కాగితం అడిగారు, అమ్మానాన్నల సంతకం అడిగారు. మేక గురించి ఒక్క ప్రశ్న లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వస్తాను. పోటీ బరిలో కనీసం జనం ఉంటారు, జడ్జి ఉంటాడు. అసలు సంగతి ఇంటి వెనక సాధన దొడ్లో ఉంది. పోటీలో దూడ ఒకసారి పరిగెడుతుంది. సాధనలో అదే దూడ ఒక సాయంత్రం ఎన్నిసార్లు పరిగెడుతుందో లెక్కపెట్టేవాళ్లు ఉండరు. ఆరు దూడలు, ముగ్గురు అన్నదమ్ములు, వాళ్లకు తోడు పక్కింటి పిల్లలు. ఎండ వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటిన రోజు. దూడ మెడ చుట్టూ వెంట్రుకలు రాలిపోయి చర్మం ఎర్రగా తేలడం నేను చూశాను. మూడో వారానికి అది గేటు తీసినా పరిగెత్తదు, అలాగే నిలబడి ఉంటుంది. అప్పుడు దాన్ని పాడైన దూడ అంటారు, ఇంకొకటి తెస్తారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. ఆ తండ్రి పొద్దున అయిదింటికి లేచి వాటికి నీళ్లు పెట్టినవాడే. కానీ ఆ దొడ్లో గడియారం ఉంది, దూడ లెక్క రాసే పలక లేదు.

దానికి మార్గాలు చేతిలోనే ఉన్నాయి. ప్లాస్టిక్ దూడతల గడ్డిమోపుకు గుచ్చి వేల సార్లు తాడు వేయొచ్చు. ఏటీవీ (పొలాల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) వెనక ఈడ్చుకెళ్లే కాళ్లాడించే బొమ్మదూడలు దొరుకుతాయి. బతికున్న దూడకైతే బ్రేక్‌అవే ఉంది. అందులో తాడు చివరను జీను కొమ్ముకు సన్నటి దారంతో కడతారు. ఉచ్చు మెడలో పడి దూడ రెండడుగులు పోగానే దారం తెగుతుంది, గడియారం ఆగుతుంది. దూడ పడదు, ఎవరూ దాన్ని కట్టరు. గురి, గుర్రం, వేగం అన్నీ అందులో ఉన్నాయి. ఇది ఆడపిల్లల ఆట అని చాలాకాలం తక్కువగా చూశారు. 2020 డిసెంబర్‌లో, కోవిడ్ వల్ల ప్రొఫెషనల్ రోడియో జాతీయ ఫైనల్స్ లాస్ వేగస్ నుంచి టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌కు మారిన ఏడాదే, బ్రేక్‌అవేకూ తొలిసారి జాతీయ ఫైనల్స్ జరిపారు. మిడిల్ స్కూల్ విభాగంలో మగపిల్లలకూ ఆ పోటీ ఉంది. పదిహేనేళ్లు నిండేదాకా పిల్లలెవరికైనా అదొక్కటే చాలని నా అభిప్రాయం. దూడను పడేయడం ఆ తర్వాత, గుంజకుండా గుర్రాన్ని ఆపడం వచ్చిందని ఒక పెద్దమనిషి చూసి ఒప్పుకున్నాక నేర్పొచ్చు.

మొత్తానికే ఆపేయమని అడగవేం అని నా స్నేహితురాలొకామె కోపగించుకుంది. ఆమె మాటలో న్యాయం ఉంది, నేను కొట్టిపారేయను. కానీ రేపు ఈ రాష్ట్రంలో పశువుల్ని పెంచబోయేది ఈ పిల్లలే. బరి మూసేసినంత మాత్రాన ఆ దొడ్లు మూతపడవు. అక్కడ పట్టుకున్న అలవాటే వాళ్ల చేతుల్లో జీవితాంతం ఉంటుంది, లక్షల పశువులు ఆ చేతుల మీదుగా వెళతాయి. ఇంకోవైపు, మీరు బయటి నుంచి వచ్చినవాళ్లు, మా ఆట సంగతి మీకెందుకు అన్నాడు ఒకాయన, మర్యాదగానే. ఆ దూడ మా ఊరిది అని చెప్పాను. అతనికి 1906 సంగతి తెలుసు, బ్రాహ్మన్ పెంచేవాళ్ల కుటుంబం. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం.

నిరుడు చలికాలంలో మా అమ్మాయి స్నేహితురాలి ఇంటికి వెళ్లాం. వాళ్ల తాతకు డెబ్బై దాటాయి, ఒకప్పుడు స్వయంగా తాడు వేసినవాడు, ఎడమ బొటనవేలు సగం లేదు. నేను నాన్న సంగతి చెప్పాను, ఇసుక సంగతి, కొమ్ము కింద చెయ్యి సంగతి, నాలుగడుగుల సంగతి. ఆయన ఏమీ అనలేదు. మీ నాన్న వేళ్లు బాగయ్యాయా అని మాత్రం అడిగాడు.

ఆ మధ్యాహ్నం మనవరాలు సాధన చేస్తుంటే ఆయనే స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. ఆ పిల్ల గుర్రం మీంచి దూకి, మేకను పక్కకు వాల్చి, కాళ్లు కట్టి, చేతులెత్తింది. ఆయన బటన్ నొక్కాడు. తర్వాత తనే వెళ్లి కట్టు విప్పాడు. మేక కాసేపు అలాగే పడుకుంది. లేచింది, ఒళ్లు దులుపుకుంది, తాడు చివరిదాకా నడిచి గడ్డిపరక కొరికింది. "తాతా, ఎంత?" అని పిల్ల రెండుసార్లు అడిగింది. ఆయన మేక వెనకకాళ్ల వంకే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు చెప్పాడు, తొమ్మిది పాయింట్ ఎనిమిది అని.